కొలత కూడా పనియే

వర్క్‌షాపులో ఒక పనికి ఎంత సమయం పట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడెల్లా మనకు ఎదురయ్యే లెక్క ఒక్కటే. లోహం తెగుతున్నంతసేపు పని జరుగుతున్నట్టు, కార్మికుడు యంత్రాన్ని ఆపి గేజు చేతికి తీసుకున్న మరుక్షణం పని ఆగిపోయినట్టు లెక్క కడతారు. గేజు పట్టుకొని నిలబడిన కార్మికుడు దూరం నుండి చూచేవారికి సోమరిగా కనిపిస్తాడు. ఆ చూపుతోనే జాబ్ కార్డుపై నిమిషాలు తగ్గుతాయి. తగ్గిన నిమిషాల వల్ల నాణ్యత దెబ్బతిన్నప్పుడు మాత్రం చార్జిషీటు ఆ కార్మికుని పేరనే వస్తుంది. కొలత పనికి అనుబంధం కాదని, అనేక సందర్భాలలో కొలతయే అసలు పని అని మనం స్పష్టంగా చెప్పవలసిన సమయం వచ్చింది. ఈ మాటను ఊరక నినాదంగా గాక, ఇంజను మెషినింగ్‌లోని ఒక చిన్న భాగాన్ని ఉదాహరణగా తీసుకొని నిరూపించడానికి ప్రయత్నిస్తాను. ఆ భాగం లిఫ్టర్ బుష్.

ఇంజనులో కామ్ షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు దాని లోబ్‌పై ఆనుకొని పైకి క్రిందికి కదిలే స్తూపాకారపు ముక్కను అమెరికా మెషిన్ షాపులలో లిఫ్టర్ అంటారు. మనవారు టాపెట్ అంటారు. అది పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్ ఆర్మ్‌ను, రాకర్ ఆర్మ్ వాల్వ్‌ను కదిలిస్తాయి. టాపెట్ కదిలే రంధ్రం సాధారణంగా ఇంజను బ్లాకు పోత ఇనుములోనే తొలచబడి ఉంటుంది. ఏండ్ల తరబడి నడిచిన ఇంజనులో ఆ రంధ్రం అరిగి, కోడిగ్రుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు బ్లాకును పారవేయకుండా, ఆ రంధ్రాన్ని పెద్దదిగా బోరు చేసి, కంచు బుష్‌ను ప్రెస్‌తో ఎక్కించి, తిరిగి అసలు కొలతకు తెస్తారు. పాత వి-8 ఇంజనులను పునరుద్ధరించే అమెరికన్ షాపులలో ఇది బాగా పాతుకొనిపోయిన పని. టాపెట్ వ్యాసం అక్కడ కంపెనీని బట్టి మారుతుంది. జనరల్ మోటార్స్ వారి అనేక వి-8 ఇంజనులలో అది 0.842 అంగుళం, ఫోర్డ్ వారివాటిలో 0.875; క్రిస్లర్ వారివాటిలో 0.904. వి-8 ఇంజనులో సిలిండరుకు రెండు వాల్వ్‌ల వంతున పదహారు టాపెట్లు ఉంటాయి.

మన షాపులలోని ఫిట్టరుకు, మెషినిస్టుకు ఈ పని కొత్తదేమీ కాదు. కనెక్టింగ్ రాడ్ స్మాల్ ఎండ్ బుష్, రాకర్ ఆర్మ్ బుష్, వాల్వ్ గైడ్ మొదలైనవన్నీ ఈ జాతికి చెందినవే. ఇనుప గూటిలో కంచును బిగించి, దాని లోపలి వ్యాసాన్ని వెంట్రుకవాసి కంటె తక్కువ తేడాతో సాధించడం వీటన్నిటికీ ఉమ్మడి ధర్మం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. బుష్ బిగుతుగా నిలవాలంటే దాని బయటి వ్యాసం గూటి వ్యాసం కంటె కొంచెం పెద్దదిగా ఉండాలి. ఈ తేడా సాధారణంగా అంగుళంలో వెయ్యింట ఒకటి రెండు వంతులు, అనగా సుమారు 0.025 నుండి 0.05 మిల్లీమీటరు. దృఢమైన ఇనుప గూడు వ్యాకోచించదు గనుక బుష్ లోపలికి ముడుచుకుంటుంది. బిగింపు ఎంత ఉన్నదో, లోపలి వ్యాసం ఇంచుమించు అంత మేర తగ్గిపోతుంది. పదహారు గూళ్ళూ అణువంతైనా తేడా లేకుండా బోరు కావు గనుక, ఈ తగ్గుదల కూడా పదహారింటిలో పదహారు రకాలుగా ఉంటుంది. కావున ఎంత గొప్ప కర్మాగారం నుండి కొన్న బుష్ అయినా, దాని తుది కొలత ఆ కర్మాగారంలో నిర్ణయం కాదు. అది ఇంజనులో కూర్చున్న తరువాతనే నిర్ణయమవుతుంది. ఇల్లలకగానే పండుగ కానట్లే, బుష్ ఎక్కించగానే పని పూర్తి కాదు. నిజానికి అప్పుడే పని మొదలవుతుంది.

టాపెట్‌కు, బుష్‌కు మధ్య ఉండవలసిన ఖాళీ సాధారణంగా అంగుళంలో పదివేలింట పన్నెండు నుండి ఇరవై వంతులు, అనగా 0.03 నుండి 0.05 మిల్లీమీటరు. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు ఉంటుందనుకుంటే, మనం వెంట్రుక పట్టని సందును గురించి మాట్లాడుతున్నామన్న మాట. అందులోనూ కార్మికునికి గల స్వేచ్ఛ 0.02 మిల్లీమీటరు మాత్రమే.

ఈ ఇరుకు హద్దులో తుది మెరుగు ఎలా జరుగుతుందో చూడండి. ముందుగా రీమర్‌తో లోపలి లోహాన్ని తీసి, హోనింగ్‌కు కొద్దిపాటి లోహం మిగులుస్తారు. రీమర్‌ను ఒకే దిశలో త్రిప్పాలి. వెనుకకు త్రిప్పితే దాని అంచులు చెడి బోరు గీతలు పడుతుంది. తరువాత హోనింగ్ రాళ్ళతో అసలు కొలతకు తెస్తారు. రాళ్ళు బోరు చివరలను దాటి ఎక్కువ బయటకు వస్తే నోరు గంటవలె విచ్చుకుంటుంది; చాలినంత రాకపోతే చివరల వద్ద బిగువు మిగిలిపోతుంది. కంచు మెత్తని లోహం గనుక దాని పొడి రాళ్ళకు పట్టి, రాయి కోయడం మాని రుద్దడం మొదలు పెడుతుంది. అందుచేత నూనె ధారాళంగా పోయాలి, రాళ్ళను తరచు శుభ్రం చేయాలి. బుష్‌లో నూనె వచ్చే చిన్న రంధ్రం బ్లాకులోని నూనె దారికి ఎదురుగా ఉన్నదో లేదో చూడాలి. ఆ రంధ్రపు అంచున లేచిన పొక్కును తీసివేయాలి.

ఇక కొలత విషయం. బోరు గుండ్రంగా ఉన్నదని, పై నుండి క్రింది వరకు సమంగా ఉన్నదని తెలియాలంటే పైన, నడుమ, క్రింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట అడ్డంగాను నిలువుగాను రెండు దిక్కులలో కొలవాలి. అంటే బుష్ ఒక్కింటికి ఆరు కొలతలు. పదహారు బుష్‌లకు 96 కొలతలు. ఇది ఒక్క దఫాకే. హోనింగ్ ఒక్క దఫాలో ముగియదు. కొంచెం తీసి, కొలిచి, మళ్ళీ కొంచెం తీయాలి. ఒక్కొక్క కొలతకు అర నిమిషం వేసుకున్నా 96 కొలతలకు 48 నిమిషాలు. రెండు దఫాలైతే గంటన్నరకు పైమాటే. ఈ గంటన్నరలో రవ్వంత లోహమైనా తెగదు. పై లెక్క ప్రకారం ఇది పని లేని కాలం!

దీనికి వేడి సమస్య తోడవుతుంది. పొడవు కొలతలకు అంతర్జాతీయంగా అంగీకరించిన ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మన లాలాగూడలోనో విజయవాడలోనో మే నెలలో షాపు లోపలి వేడి 40 డిగ్రీలు దాటడం ఎవరికీ వింత కాదు. శీతలీకరించిన టూల్ రూం నుండి అప్పుడే తెచ్చిన ఉక్కు గేజుకు, వేడెక్కిన బ్లాకుకు మధ్య 20 డిగ్రీల తేడా ఉంటే, 25 మిల్లీమీటర్ల వ్యాసం మీద ఆ తేడా వల్ల మాత్రమే సుమారు 0.006 మిల్లీమీటరు తప్పు వస్తుంది. మనకున్న స్వేచ్ఛ 0.02 మిల్లీమీటరని ముందే చెప్పాను. అందులో దాదాపు మూడవ వంతును ఈ వేడియే మ్రింగివేస్తుంది. కావున గేజును బ్లాకు ప్రక్కన ఉంచి రెండూ ఒకే వేడికి వచ్చేవరకు ఆగాలి. హోనింగ్‌తో వేడెక్కిన బుష్ చల్లారేవరకు ఆగాలి. ఆ ఆగడం బద్ధకం కాదు, పనిలో భాగం.

చివరగా కడుగుడు. హోనింగ్ రాళ్ళ నుండి రాలిన గరుకు రేణువులు మెత్తని కంచులో దిగబడి ఉండిపోతే, అవి బుష్‌ను గాక దానిలో తిరిగే గట్టి ఉక్కు టాపెట్‌నే అరగదీస్తాయి. అందుచేత వేడి సబ్బునీటితో కడిగి, నూనె గుడ్డతో తుడిచి, గుడ్డకు నలుపు అంటని దాకా మళ్ళీ తుడవాలి.

ఇవన్నీ చేయకపోతే ఏమవుతుంది? బోరు బిగువైతే టాపెట్ ఇరుక్కుంటుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. చదును అడుగు గల టాపెట్ విషయంలో ఇంకొక ప్రమాదమున్నది. అది పైకి క్రిందికి కదలడమే గాక తన చుట్టూ తాను తిరగాలి. అందుకనే కామ్ లోబ్‌ను అతి స్వల్పంగా ఏటవాలుగాను, టాపెట్ అడుగును అతి స్వల్పంగా ఉబ్బెత్తుగాను చేస్తారు. బోరు బిగిసి టాపెట్ తిరగడం మానితే, లోబ్ ఒకే చోట రాసుకొని కొద్ది కాలంలోనే తినివేయబడుతుంది. ఇక బోరు వదులైతే టాపెట్ ఊగులాడుతుంది, నూనె కారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. రెండు విధాలా ఇంజను దారిలో ఆగుతుంది. ఇంజను విప్పినప్పుడు కనిపించేది కాలిన వాల్వ్, అరిగిన కామ్ షాఫ్ట్ మాత్రమే. జాబ్ కార్డుపై ఎవరో కొట్టివేసిన నలభై ఎనిమిది నిమిషాలు అక్కడ కనిపించవు. కనిపించేది కార్డు అడుగున ఉన్న కార్మికుని సంతకం.

రైల్వే వర్క్‌షాపులలో చిత్తరంజన్ తరహా ప్రోత్సాహక పద్ధతి సోదరులకు సుపరిచితమే. సామాన్య సామర్థ్యం గల కార్మికుడు మూల వేతనంపై 33⅓ శాతం అదనంగా ఆర్జించగలిగేటట్లు ప్రతి పనికీ కాలపరిమితిని నిర్ణయించడం, ఆర్జనకు 50 శాతం గరిష్ఠ పరిమితి ఉంచడం దాని సారాంశం. ఈ పద్ధతి మంచిచెడ్డల చర్చ వేరు. ఇక్కడ నేను అడిగేది ఒక్కటే: ఆ కాలపరిమితిలో కొలతకు స్థానమెక్కడ? కొలతకు ఏదో ఒక శాతాన్ని కోత సమయానికి తగిలించినంత మాత్రాన న్యాయం జరగదు. ఇరుసును ముతకగా టర్నింగ్ చేసేటప్పుడు కోత ఎక్కువ, కొలత తక్కువ. బుష్‌కు తుది మెరుగు పెట్టేటప్పుడు కోత కొద్ది, కొలతయే అధికం. రెండింటికీ ఒకే శాతం వర్తింపజేయడమంటే, ఎవరి పని ఎంత సున్నితమో వారిని అంత ఎక్కువగా శిక్షించడమే అవుతుంది. అప్పుడు కార్మికుని ముందు రెండే దారులు మిగులుతాయి. సరిగా కొలిచి ప్రోత్సాహకం పోగొట్టుకోవడం ఒకటి, కొలవకుండా సంతకం చేసి ప్రోత్సాహకం దక్కించుకోవడం రెండవది. నిజాయితీకి జరిమానా, నిర్లక్ష్యానికి బహుమానం ఇచ్చే పద్ధతి ఏ సంస్థకూ శ్రేయస్కరం కాదు.

ఈ తగాదా మనతో మొదలైనది కాదు. ఫ్రెడరిక్ టేలర్ తన శాస్త్రీయ యాజమాన్య సూత్రాలను గ్రంథంగా ప్రచురించిన 1911వ సంవత్సరంలోనే, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గల వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధాగారంలో పోత పని చేసే మౌల్డర్లు, తమ ప్రక్కన గడియారం పట్టుకొని నిలబడి నిమిషాలు లెక్కించడాన్ని నిరసిస్తూ ఆగస్టు 11న పని నిలిపివేశారు. వారు ప్రైవేటు కూలీలు కారు, మనవలెనే ప్రభుత్వోద్యోగులు. వారం రోజులలో వారు తిరిగి పనిలోకి వెళ్ళారు. కాని వారు లేవనెత్తిన ప్రశ్న వెనుకకు వెళ్ళలేదు. అమెరికా ప్రతినిధుల సభ ప్రత్యేక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షత వహించిన విలియం బి. విల్సన్ బొగ్గుగని కార్మికునిగా జీవితం ప్రారంభించినవాడు. అనంతరం 1913లో ఆ దేశపు మొట్టమొదటి కార్మిక శాఖా మంత్రి అయినాడు. 1915లో సైనిక వ్యయ బిల్లుకు జోడించిన ఒక నిబంధన ద్వారా ప్రభుత్వ ఆయుధాగారాలలో స్టాప్‌వాచ్‌తో కాలాధ్యయనం నిషేధించబడింది. ఇట్టి నిషేధం 1949 వరకు కొనసాగింది.

గడియారాన్నే నిషేధించాలని నేనిక్కడ కోరడం లేదు. ఆ మౌల్డర్లు నేర్పిన పాఠం ఏమంటే, పనిలో ఏది పనియో ఏది కాదో నిర్ణయించే అధికారం గడియారం పట్టుకున్నవానికి మాత్రమే వదలివేయరాదు. ఆ నిర్ణయంలో చేతితో పనిచేసేవానికి పాలు ఉండాలి.

తపాలా సోదరులు ఇది తమకు సంబంధించని వర్క్‌షాపు గొడవ అనుకోరాదు. మెయిల్ మోటార్ సర్వీసు వర్క్‌షాపులలో తపాలా శాఖకు చెందిన ఆర్టిజన్లు వాహనాలను బాగుచేస్తున్నారు. వారికి ఈ బుష్‌ల సంగతి బాగా తెలుసు. అంతకు మించి, బేవూర్ పేరిట, తరువాత మరాఠే పేరిట వచ్చిన కాల ప్రమాణాలు తపాలా కార్యాలయాలలో ఎంతమంది ఉండాలో నిర్ణయిస్తూ వచ్చినవే గదా! ముద్ర వేయడం, సార్టింగు చేయడం లెక్కకు వచ్చినంత సులభంగా, చెరిగిపోయిన చిరునామాను చదివి సరియైన ఊరు పోల్చుకోవడం, నగదును రెండవ మారు లెక్కించి సరిచూచుకోవడం, సంచి సీలును పరీక్షించడం లెక్కకు వస్తున్నవా? అక్కడ తేడా వస్తే సొమ్ము రాబట్టేది గుమాస్తా జీతం నుండే. సరిచూచుకొనే కాలాన్ని ఇవ్వకుండా, సరిచూడని తప్పుకు శిక్ష వేయడం రెండు శాఖలలోనూ ఒకే తీరున సాగుతున్నది.

మన వాదానికి ఎదురు వచ్చే మాటలు రెండున్నవి. మొదటిది, ఇటువంటి పనులను బయటి కాంట్రాక్టరుకు అప్పగిస్తే తలనొప్పి ఉండదు గదా అన్నది. బుష్‌ను బయట చేయించవచ్చు. కాని దాని తుది కొలత ఇంజనులో బిగించిన తరువాతనే తేలుతుందని పైన చూశాము. బ్లాకుతో సహా మొత్తం పనిని బయటకు పంపినా, తిరిగి వచ్చినదానిని స్వీకరించేటప్పుడు ఎవరో ఒకరు గేజు పెట్టి చూడక తప్పదు. కొలవడం తెలిసినవారు మన షాపులో లేనినాడు, కాంట్రాక్టరు చెప్పినదే కొలత అవుతుంది. నేర్పు పోయిన తరువాత దానిని టెండరు పిలిచి కొనలేము.

రెండవది, డీజిల్ ఇంజనుల కాలమే ముగుస్తున్నది గదా, ఇంకా ఈ బుష్‌ల గొడవ ఎందుకన్నది. నిజమే. బ్రాడ్ గేజ్ మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తి కావచ్చింది. 1964లో మొదటి డీజిల్ ఇంజనును విడుదల చేసిన వారణాసి కర్మాగారం 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా పేరు మార్చుకొని ప్రధానంగా విద్యుత్ ఇంజనులను తయారు చేస్తున్నది. మన కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్లకు కూడా విద్యుత్ ఇంజనులు వచ్చి చేరినవి. కాని కామ్ షాఫ్ట్ పోయినంత మాత్రాన బుష్ పోలేదు. బ్రేకు రిగ్గింగు పిన్నులకు బుష్‌లున్నవి. బోగీలకు, బేరింగులకు ఇరుకైన కొలతలున్నవి. ప్రెస్‌తో బిగించినది ముడుచుకుంటుందన్న సూత్రం విద్యుత్ ఇంజనులో రద్దు కాలేదు. లిఫ్టర్ బుష్‌పై పదును పెట్టుకున్న చేయి ఏ యంత్రం వద్దనైనా సంస్థకు ఆస్తియే. డీజిల్ నేర్పును పనికిరాని సరుకుగా జమకట్టి, నడి వయస్సు ఆర్టిజన్లను తమ ట్రేడుతో సంబంధం లేని పనులకు మళ్ళించడం ఆస్తిని చేజేతులా పారవేయడమే.

కావున ఫెడరేషన్ ఈ క్రింది కోరికలను చర్చల బల్లపై ఉంచవలెనని నా అభిప్రాయం. మొదటిది, తుది మెరుగు పనులన్నిటికీ జాబ్ కార్డుపై కోతకు, కొలతకు, చల్లార్పుకు, కడుగుడుకు సమయాన్ని వేరువేరుగా చూపాలి. రెండవది, ఆ సమయాలను నిర్ణయించేటప్పుడు ఆ ట్రేడులో పనిచేస్తున్న సీనియర్ కార్మికుడు కూర్చొని ఉండాలి. నిర్ణయించిన సమయాన్ని ఆ షాపులోనే, ఆ వేసవిలోనే, ఆ పరికరాలతోనే చేసి చూపాలి. మూడవది, గేజులను నిర్ణీత గడువులో ప్రమాణాలతో సరిచూచి, ఆ తేదీని కార్మికునికి కనిపించేటట్లు ఉంచాలి; తప్పు గేజుతో వచ్చిన తప్పుకు కార్మికుని బాధ్యుని చేయరాదు. నాలుగవది, పనిలో లోపం బయటపడినప్పుడు విచారణ కార్మికుని సంతకం వద్దనే ఆగక, ఆ పనికి ఇచ్చిన సమయం చాలినదా అన్న ప్రశ్నతో ప్రారంభం కావాలి. అయిదవది, రిటైరు కాబోతున్న నేర్పరుల వద్ద అప్రెంటిస్‌లు తగినంత కాలం పనిచేసే ఏర్పాటు ఉండాలి. రాయి కోస్తున్నదా, రుద్దుతున్నదా అన్నది చెవితో, చేతితో పోల్చుకొనే జ్ఞానం పుస్తకంలో దొరకదు.

మనవంతు కర్తవ్యం కూడా ఒకటున్నది. దానిని దాచుకోవడం మనకు గౌరవం కాదు. కొలవని కొలతను కార్డుపై వ్రాసే అలవాటు ఎక్కడ ఉన్నా మనమే మాన్పించాలి. సమయం చాలలేదని లిఖితపూర్వకంగా తెలియజేసి, కొలవని గడిని ఖాళీగా వదిలిన కార్మికుని వెనుక యూనియన్ శాఖ యావత్తూ నిలబడాలి. ఖాళీ గడి అధికారులకు ఇబ్బంది కలిగిస్తుంది. అబద్ధపు అంకె వారికి సౌఖ్యం కలిగిస్తుంది. ఇన్నాళ్ళూ కొలత సమయం కార్డులకు ఎక్కకపోవడానికి ఆ సౌఖ్యం కూడా ఒక కారణం.

పనికి తగిన వేతనం కోసం మనం పోరాడాము, పోరాడుతూనే ఉంటాము. పనికి తగిన సమయం కూడా వేతనం వంటిదే. దానిని కోరేటప్పుడు మనం కోరేది విశ్రాంతి కాదు. పనిని పనిగా చేసే హక్కును మాత్రమే మనం కోరుతున్నాము. ఆ హక్కు వర్క్‌షాపు జాబ్ కార్డుపైన, తపాలా కార్యాలయపు కాల ప్రమాణాలలోనూ అంకెలుగా నమోదయ్యేవరకు ఈ కోరికను ప్రతి శాఖా సమావేశంలోనూ, ప్రతి చర్చలోనూ విడువక ముందుంచుదాము.